మందులు వాడుతున్నా మెడ మీద గడ్డ పెరుగుతోంది. ఆపెయ్యమంటారా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది ప్రకాశం జిల్లాలో ఓ పల్లె. మా అమ్మాయికి 23 ఏళ్లు. శ్రావణంలో మెడకి ఎడమ పక్క ఉసిరికాయంత గడ్డ లేచింది. నొప్పి లేదు, దగ్గు లేదు. ఊళ్లో ఆర్‌ఎంపీ రెండు కోర్సులు యాంటీబయాటిక్ ఇచ్చినా తగ్గలేదు. ఒంగోలు తీసుకెళ్తే సూది పరీక్ష చేసి టీబీ అన్నారు. దసరా వెళ్లిన మర్నాటి నుంచి గవర్నమెంటు మాత్రలు వేస్తున్నాం. ఒక్క రోజు కూడా తప్పించలేదు. ఏడు వారాలైంది. గడ్డ తగ్గకపోగా పెద్దదైంది. దాని కింద ఇంకోటి బిళ్లకట్టింది. పై చర్మం ఎర్రబడుతోంది. మందు పని చెయ్యట్లేదు, ఆపేసి పసరు కట్టించమని మా ఆడపడుచు అంటోంది. కోయించేస్తే పీడా పోతుందని ఇంకొకరు అంటున్నారు. మాఘంలో పెళ్లి పెట్టుకున్నాం, వియ్యాలవారికి ఇంకా చెప్పలేదు. మా బావగారికి వెనకటికి వెన్నులో టీబీ వచ్చి రెండు కాళ్లూ పడిపోయాయి. ఇది కూడా అలా వెన్నుకో మెదడుకో పాకుతుందేమోనని నాకు నిద్ర పట్టట్లేదు. దాని కంచం, మంచం వేరు చేశాం. అది ఏడుస్తోంది. ఏం చెయ్యమంటారు?
ఒక తల్లి

సమాధానం:

అమ్మా,

ఇది చదవడం కాసేపు ఆపి, ముందు అమ్మాయి కంచం తీసుకెళ్లి మీ అందరి కంచాల్లో కలిపెయ్యండి. మంచం కూడా మళ్లీ మీ పక్కకి జరుపుకోండి. మెడ గ్రంథుల్లో ఉన్న టీబీ మాటతోనో ఊపిరితోనో ఇంకొకరికి అంటదు, దానికి గాలిలోకి వచ్చే దారే లేదు. ఊపిరితిత్తుల్లో ఉండి, దగ్గినప్పుడో గట్టిగా మాట్లాడినప్పుడో సన్నని తుంపర్లతో బయటికొస్తేనే ఆ క్రిమి ఇంకొకరి ఒంట్లోకి వెళ్తుంది. ఆ ఊపిరితిత్తుల టీబీ అయినా కంచం వల్లా, దుప్పటి వల్లా రాదు. అమ్మాయికి ఛాతీ ఎక్స్‌రే తీశారో లేదో మీరు రాయలేదు. తీసి, బాగుందని చెప్పి ఉంటే ఇక ఆ సందేహం వదిలెయ్యండి. తియ్యకపోతే ఈ వారంలోనే తీయించండి. మెడలో గడ్డ ఉన్నవాళ్లలో కొందరికి ఛాతీలో కూడా ఉంటుంది కాబట్టి ఆ సంగతి తేల్చుకోవాలి.

వేరు పెట్టడం అన్నది మందు లేని కాలం నాటి అలవాటు. అప్పట్లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం లాంటి శానటోరియాల్లో, అంటే టీబీ రోగుల్ని ఉంచే ఆస్పత్రుల్లో, మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి, ఇవే వైద్యం. మందులొచ్చాక 1956లో మద్రాసులో ఒక పెద్ద పరీక్ష మొదలైంది. ఊపిరితిత్తుల టీబీ ఉన్నవాళ్లను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి శానటోరియంలో, ఇంకో గుంపుకి వాళ్ల ఇరుకు ఇళ్లలోనే ఒకే మందు ఇచ్చి చూశారు. ఇంట్లో ఉన్నవాళ్లకీ దాదాపు అంతే బాగా నయమైంది. వాళ్లతో కలిసి ఉన్న పిల్లాజెల్లాకి జబ్బు రావడం కూడా ఎక్కువ కాలేదు. 1959లో ఆ ఫలితాలు అచ్చయ్యాక ప్రపంచమంతా శానటోరియాలు మూసుకుంటూ వచ్చింది. అంటే వేరు కంచం అవసరం లేదని మన పక్కనే తేల్చి చెప్పి అరవై ఏళ్లు దాటింది. మన ఇళ్లలో మాత్రం ఆ కంచం ఇంకా వేరుగానే ఉంటోంది. 23 ఏళ్ల పిల్లకి జబ్బు కన్నా ఆ కంచమే ఎక్కువ బాధ పెడుతుందమ్మా.

రెండోది, మాత్రలు ఆపకండి. మీ ఆడపడుచు గారు ప్రేమతోనే చెప్పి ఉంటారు, కానీ ఈ ఒక్క విషయంలో ఆవిడ మాట వినొద్దు.

గడ్డ పెరిగింది కాబట్టి మందు పని చెయ్యడం లేదని మీకు అనిపించడం సహజం. గ్రంథుల టీబీలో ఈ లెక్క తిరగబడుతుంది. మందు మొదలుపెట్టిన కొన్ని వారాలకి గడ్డ పెరగడం, పక్కన కొత్తది రావడం, మెత్తబడి చీము పట్టడం, ఇవన్నీ మందు బాగా పనిచేస్తున్నవాళ్లలో కూడా జరుగుతాయి. నేను చూసినవాళ్లలో అయిదారుగురిలో ఒకరికైనా ఇలా అయింది. కట్టెల పొయ్యి మీద నీళ్లు చల్లితే మంట ఆరుతుంది, పొగ మాత్రం ఒక్కసారిగా గుప్పుమంటుంది కదా, ఇదీ అలాంటిదే. మందు దెబ్బకి క్రిములు కుప్పలుగా చస్తాయి. వాటి ముక్కలు గ్రంథిలో మిగిలిపోతాయి. అప్పటిదాకా నీరసపడి ఉన్న ఒంటి రక్షణ బలం తేరుకుని ఆ ముక్కల మీద విరుచుకుపడుతుంది. ఆ వాపే మీకు బయటికి కనిపిస్తోంది. డాక్టర్లు దీన్ని పారడాక్సికల్ రియాక్షన్ అంటారు. ఆస్పత్రిలో ఆ మాట వినబడితే భయపడకండి.

అయితే, పెరిగిన ప్రతి గడ్డా ఇదేనని చూడకుండా చెప్పెయ్యడం కూడా తప్పే. అందుకే వచ్చే సోమవారం అమ్మాయిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమంటున్నాను. అక్కడ మూడు సంగతులు తేల్చాలి. మొదటిది, ఆ క్రిమి టీబీ మందుల్లో ముఖ్యమైన రిఫాంపిసిన్‌కి లొంగని రకమేమో చూడాలి. మొదట్లో సూది పరీక్ష చేసినప్పుడు గడ్డలోంచి తీసినదాన్ని సీబీనాట్‌కో ట్రూనాట్‌కో, అంటే క్రిమి జన్యువుని వెతికే మెషీన్ పరీక్షకి, పంపారా అని అడగండి. పంపి ఉంటే ఆ కాగితం మీద రిఫాంపిసిన్ సంగతి రాసి ఉంటుంది. పంపకపోతే ఇప్పుడు మెత్తబడిన గడ్డలోంచి సూదితో చీము తీసి పంపవచ్చు. ఇక్కడ ఒక చిక్కుంది. చచ్చిన క్రిమి జన్యువు కూడా ఈ మెషీన్లకి దొరుకుతుంది. కాబట్టి టీబీ కనిపించింది అని వచ్చినంత మాత్రాన క్రిమి బతికున్నట్టు కాదు. బతికుందో లేదో చెప్పేది కల్చర్, అంటే క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష. దాని ఫలితం రావడానికి వారాలు పడుతుంది, అయినా చేయించండి. రెండో సంగతి, అమ్మాయికి ఇస్తున్న మాత్రల సంఖ్య ఆమె బరువుకి సరిపోతోందా అన్నది. టీబీ మాత్రలు బరువు లెక్కన ఇస్తారు. తిని కాస్త ఒళ్లు చేస్తే సంఖ్య మారాల్సి రావచ్చు. మూడోది, అసలు మొదటి నిర్ధారణ సరైనదేనా అన్నది. మెడ గడ్డల్లో లింఫోమా అనే గ్రంథుల క్యాన్సర్ లాంటివీ ఉంటాయి. సూది పరీక్షలో అనుమానం మిగిలితే చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపమంటారు. మీ దగ్గర ఉన్న కాగితాల్లో టీబీ అని గట్టిగా రాసి ఉంటే దీని గురించి బెంగ అక్కర్లేదు.

ఇక కోయించడం గురించి. టీబీ గడ్డని నేరుగా కత్తితో చీరి వదిలేస్తే ఆ గాటు తొందరగా మానదు. నెలల తరబడి చీము కారుతూ, మానినట్టే మాని మళ్లీ తెరుచుకుంటూ, చివరికి మెడ మీద ముడతల మచ్చ మిగులుస్తుంది. చీము పట్టి చర్మం పలచబడుతుంటే, పక్కన మంచి చర్మంలోంచి సూదిని లోపలికి పంపి చీము లాగుతారు. అవసరమైతే రెండు మూడు సార్లు చేస్తారు. వాపు మరీ ఇబ్బంది పెడితే కొన్ని వారాలు స్టెరాయిడ్ ఇస్తారు, అది డాక్టరు నిర్ణయించాల్సిన విషయం. చాలామందికి ఇవేవీ లేకుండానే అణుగుతుంది. పసరు సంగతి కూడా ఒక్క మాట. పైన కట్టే ఆకు చర్మాన్ని కాల్చెయ్యొచ్చు. కడుపులోకి ఇచ్చే పసరు ఇంకా చెడ్డది, ఇప్పటికే నాలుగు మందుల బరువు మోస్తున్న కాలేయం మీద పడుతుంది. గండమాల అని మన పెద్దలు పిలిచిన మెడ గడ్డల్లో చాలావరకు ఇదే జబ్బు. వాళ్ల దగ్గర అప్పుడు వేరే దారి లేదు. మన దగ్గర ఉంది.

మీ బావగారి సంగతి రాశారు. మీ నిద్ర చెడగొడుతున్నది అదే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

టీబీ క్రిమి చాలావరకు ఊపిరితోనే ఒంట్లోకి వస్తుంది. ఊపిరితిత్తుల్లో మకాం పెట్టకుండా కూడా అక్కడి నుంచి రక్తంలో, లింఫ్ నాళాల్లో పడి ఎక్కడెక్కడికో చేరుతుంది. చేరి ఏళ్ల తరబడి నిద్రపోతుంది. ఒంటి శక్తి తగ్గినప్పుడు లేస్తుంది. మన దేశంలో నమోదయ్యే టీబీ కేసుల్లో దాదాపు అయిదో వంతు నుంచి నాలుగో వంతు దాకా ఊపిరితిత్తుల బయటివే. వాటిలో గ్రంథులది, ఊపిరితిత్తి పొరలో నీరు చేరేది ఎక్కువ. ఆ తర్వాత కడుపు, ఎముకలు, మెదడు పొరలు. మీ బావగారికి వచ్చినది వెన్నుపూసల టీబీ. లండన్‌లో పెర్సివల్ పాట్ అనే సర్జన్ 1779లో దీన్ని వివరించాడు, అందుకే ఇప్పటికీ పాట్స్ డిసీజ్ అంటారు. వెన్నులో పక్కపక్కనే ఉన్న రెండు పూసల ముందు భాగాలు, మధ్యలో డిస్కు నెమ్మదిగా తినేయబడతాయి. ముందు వైపు కూలిపోయేసరికి వెన్ను ముందుకి వంగి, వెనక చిన్న మొటిమలా పొడుచుకొస్తుంది. చుట్టూ చీము చేరుతుంది. మామూలు చీముగడ్డలా వేడి, ఎరుపు ఉండవు కనుక కోల్డ్ ఆబ్సెస్ అంటారు. ఆ చీము, ఆ విరిగిన ఎముక ముక్కలు కలిసి వెన్నుపామును నొక్కితే కాళ్లు పడిపోతాయి.

చాలా ఏళ్ల కింద ఒక మిరపకాయల కూలీ మా వార్డుకి వచ్చాడు. ఏడు నెలలుగా నడుము నొప్పి అన్నాడు. బస్తాలు మోసేవాడు కాబట్టి బరువు వల్లే అని అందరూ అనుకున్నారు. మూడుసార్లు తైలంతో తోమించుకున్నాడు. చొక్కా పైకెత్తి బోర్లా పడుకోమన్నాను. వెన్ను మీద వేలితో పైనుంచి కిందికి ఒక్కో పూసనూ తడుముతూ వస్తే, నడుముకి జానెడు పైన వేలు ఒక గట్టి మొనకి తగిలి ఆగింది. అక్కడ నెమ్మదిగా తట్టగానే మనిషి పళ్లు బిగించి మంచం ఇనుప ఊచ పట్టుకున్నాడు. రాత్రి పడుకున్నా నొప్పి తగ్గట్లేదు సార్, పడుకుంటేనే ఎక్కువవుతోంది అన్నాడు. ఆ ఒక్క మాట ఆ ఏడు నెలల్లో ఎవరైనా అడిగి ఉంటే బాగుండేది. ఎంఆర్ఐ తీస్తే రెండు పూసలు కరిగిపోయి ఉన్నాయి. అప్పటికే ఒక కాలు ఈడ్చి నడుస్తున్నాడు. అయినా పన్నెండు నెలలు మాత్రలు వేసుకుని, నడుము పట్టీ కట్టుకుని, మళ్లీ తిన్నగా నడిచాడు. బరువులు మాత్రం వద్దన్నాం. కాళ్లు పూర్తిగా పడిపోయినవాళ్లలో కూడా, త్వరగా వైద్యం మొదలైతే, అవసరమైన చోట ఆపరేషన్ చేస్తే చాలామంది లేచి నడుస్తారు. మీ బావగారికి అది జరగకపోవడానికి ఏ కారణం ఉందో నాకు తెలియదు, అందుకు బాధగా ఉంది. కానీ ఆయనకు జరిగింది మీ అమ్మాయికి జరగబోతోందని దాని అర్థం కాదు. నలుగురు కాపలావాళ్లు ఆమె ఒంట్లో రోజూ పనిచేస్తున్నారు. అవును, మందులనే మనుషుల్లా చెప్తున్నాను. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ అనే ఈ మూడూ ఎముకలోకీ, మెదడు పొరల్లోకీ చేరగలిగిన మందులు, రిఫాంపిసిన్ మాత్రం మెదడులోకి కాస్త తక్కువగా చేరుతుంది. నాలుగోది ఇథాంబుటాల్. ఇవి రోజూ పడుతుంటే జబ్బు కొత్త చోట ఇల్లు కట్టుకోవడం చాలా అరుదు. జబ్బుకి మళ్లీ అవకాశం ఇచ్చేది మధ్యలో ఆపెయ్యడమే.

అరుదు అన్నాను కాబట్టి కొన్ని గుర్తులు మనసులో పెట్టుకోండి. వదలని తలనొప్పి, వాంతులు, జ్వరం, మనిషి మందకొడిగా ఉండడం, మాట తడబడడం, చూపు రెండుగా కనిపించడం, మెడ వంచలేకపోవడం, ఫిట్స్. వీటిలో ఏది కనిపించినా ఆ రాత్రే పెద్దాసుపత్రికి వెళ్లాలి. మెదడు పొరల టీబీ ఈ జబ్బులన్నిటిలో క్రూరమైనది. మెదడులో నీరు చేరి ఒత్తిడి పెరుగుతుంది, దానికి షంట్ అనే సన్నని గొట్టం వెయ్యాల్సి రావచ్చు. రక్తనాళాలు మూసుకుపోయి పక్షవాతం వస్తుంది, చూపు పోతుంది. అందుకే దానికి కనీసం తొమ్మిది నెలల నుంచి ఏడాది మందు, మొదట్లో స్టెరాయిడ్ ఇస్తారు. పురిట్లో వేసే బీసీజీ టీకా చిన్నపిల్లలను ఎక్కువగా కాపాడేది ఈ రకం నుంచే. మీ ఇంట్లో పసివాళ్లుంటే వాళ్లకి వేయించారో లేదో చూసుకోండి. ఇక వెన్ను గురించి అయితే, రాత్రిపూట పెరిగే నడుము నొప్పి, కాళ్లలో తిమ్మిరి, మెట్లెక్కుతుంటే మోకాళ్లు వంగిపోవడం, మూత్రం ఆపుకోలేకపోవడం. వీటికి కూడా అంతే తొందర కావాలి.

మిగతా చోట్ల వచ్చేవి మీ అమ్మాయికి సంబంధించినవి కావు, కానీ ఇది చదివే ఇంకెవరికైనా పనికొస్తాయని క్లుప్తంగా చెప్తాను. గుండె చుట్టూ ఉన్న సంచిలో నీరు చేరితే ఆయాసం, కాళ్ల వాపు వస్తాయి. కొందరికి ఆ సంచి గట్టిపడి గుండెను బిగించేస్తుంది. పేగుల్లో వస్తే నొప్పి వచ్చిపోతూ ఉంటుంది, బరువు తగ్గుతారు, పేగు సన్నబడి అడ్డుపడితే ఆపరేషన్ దాకా వెళ్తుంది. మూత్రపిండంలో అయితే మూత్రంలో చీము కణాలు ఉంటాయి, మామూలు కల్చర్‌లో మాత్రం ఏ క్రిమీ పెరగదు. మాటిమాటికీ యూరిన్ ఇన్ఫెక్షన్ అని మందులు మారుస్తూ ఏళ్లు గడిపినవాళ్లను చూశాను. ఆడవాళ్లలో అండవాహికలు మూసుకుపోయి పిల్లలు పుట్టకపోవడానికి ఒక కారణం అండవాహికల్లో, గర్భాశయంలో వచ్చే టీబీ. మెడ టీబీకీ సంతానానికీ ఏ సంబంధమూ లేదు. రేపు ఎవరైనా ఈ రెండూ కలిపి మాట్లాడితే మీరు గట్టిగా చెప్పగలగాలని ఇది రాస్తున్నాను.

ఇప్పుడు మందుల వల్ల వచ్చే ఇబ్బందులు. మూత్రం నారింజ రంగులో వస్తుంటే అది రిఫాంపిసిన్ వల్ల, భయం లేదు. కానీ కళ్లు పచ్చబడడం, అన్నం చూస్తేనే వికారం, వరసగా వాంతులు, కుడి పక్కటెముకల కింద నొప్పి, ఇవి వస్తే ఆ పూట మాత్ర ఆపి వెంటనే ఆస్పత్రికి వెళ్లి కాలేయ పరీక్ష చేయించండి. ఇది ఒక్కటే మీ అంతట మీరు మాత్ర ఆపదగ్గ సందర్భం, ఆపినా డాక్టరు చూసేంతవరకే. అరికాళ్లు మంట పెడితే ఐసోనియాజిడ్ వల్ల కావచ్చు, బీ6 మాత్ర ఇస్తారు. కీళ్ల నొప్పులు పైరజినమైడ్ వల్ల. ఇథాంబుటాల్ అరుదుగా కళ్ల మీద పని చేస్తుంది. దానికి ఇంట్లోనే ఒక పరీక్ష ఉంది. మీ గోడ మీద క్యాలెండర్ ఉంటుంది కదా, అందులో ఆదివారాలు, పండగలు ఎర్ర అంకెల్లో అచ్చయి ఉంటాయి. వారానికి ఒకసారి అమ్మాయి ఒక కన్ను మూసుకుని ఆ ఎర్ర అంకెలు చూడాలి, తర్వాత రెండో కన్నుతో. ఎరుపు వెలిసిపోయినట్టో గోధుమ రంగులోనో కనిపిస్తే, అంకెలు మసకబారితే అదే రోజు చెప్పాలి. ముందే పట్టుకుంటే చూపు చాలావరకు తిరిగొస్తుంది.

పథ్యం ఏమీ లేదు. వంకాయ, గోంగూర, చేప, అన్నీ పెట్టొచ్చు. మీరు పెట్టకపోతే తప్పు. గుడ్డు, పప్పు, వేరుశనగలు, పాలు, పెరుగు ఎంత తినగలిగితే అంత. పాలు మాత్రం కాచి తాగాలి, పశువుల టీబీ పచ్చిపాలతో వస్తుంది. జార్ఖండ్‌లో టీబీ ఉన్న ఇళ్లకి నెలనెలా అదనపు సరుకులు ఇచ్చి చూస్తే ఇంట్లో మిగతావాళ్లకి కొత్తగా జబ్బు రావడం దాదాపు 40 శాతం తగ్గింది. 2023లో ఆ ఫలితాలు వచ్చాయి. మందు పక్కన తిండి ఎంత పని చేస్తుందో దీన్నిబట్టి చూడండి. నిక్షయ్ పోషణ్ యోజన అనే ప్రభుత్వ పథకం కింద వైద్యం జరిగినన్ని నెలలూ తిండి కోసం డబ్బు ఇస్తారు. 2018లో నెలకి 500 రూపాయలతో మొదలైంది, 2024 నవంబర్ నుంచి 1000 అయింది. అమ్మాయి బ్యాంకు ఖాతాలో పడుతోందో లేదో చూసుకోండి. పడకపోతే మీ ఊరి ఆశా కార్యకర్తనో, టీబీ యూనిట్‌లో వైద్యం పర్యవేక్షించే ఎస్‌టీఎస్‌నో, అమ్మాయి పేరు నమోదు చేసినప్పుడు ఇచ్చిన నిక్షయ్ ఐడీ నంబరు చూపించి అడగండి. 1800-11-6666 అనే ఉచిత నంబరుకీ ఫోన్ చెయ్యొచ్చు.

ఆస్పత్రిలో హెచ్ఐవీ పరీక్ష, షుగర్ పరీక్ష చేయించమంటారు. అమ్మాయి మీద అనుమానంతో కాదు, టీబీ వచ్చిన ప్రతివాళ్లకీ చేస్తారు. ఆ రెండూ ఉంటే వైద్యం తీరు మారుతుంది కాబట్టి.

పెళ్లి. ఇది నా వృత్తికి బయటి విషయమే, కానీ మీరు అడిగారు. దసరాకి మొదలుపెట్టిన మందు ఏప్రిల్ మొదట్లో ఆరు నెలలు పూర్తవుతుంది. గ్రంథుల టీబీకి మామూలుగా ఆరు నెలలు చాలు. పెళ్లి మాఘం నుంచి వైశాఖానికి జరపగలిగితే జరపండి. టీబీ వచ్చినవాళ్లు పెళ్లి చేసుకోకూడదని కాదు. కొత్త ఇంట్లో, ఎవరూ చూడకుండా బాత్రూమ్‌లో దాక్కుని మాత్ర మింగాల్సి వస్తే అమ్మాయి ఆ మాత్ర మానేస్తుంది. అలా మానేసి, ఎనిమిది నెలలకి చీము కారే మెడతో పుట్టింటికి తిరిగొచ్చిన పిల్లలను నేను ఒకరిద్దరిని కాదు, చాలామందిని చూశాను. ఇంకో సంగతి, రిఫాంపిసిన్ వాడుతుంటే గర్భం రాకుండా వేసుకునే మాత్రలు సరిగ్గా పనిచెయ్యవు, వైద్యం మధ్యలో గర్భం వస్తే ఆందోళన పెరుగుతుంది. ఒకవేళ వచ్చినా ఈ నాలుగు మందులూ కొనసాగించవచ్చు, అది వేరే సంగతి.

వియ్యాలవారికి చెప్పండి. మీరే వెళ్లి, అబ్బాయిని కూడా కూర్చోబెట్టి చెప్పండి. మెడ మీద మచ్చ దాచేది కాదు, నిక్షయ్ డబ్బు పడిన బ్యాంకు మెసేజ్ దాచేది కాదు. దాచి చేసిన పెళ్లిలో ఆ పిల్ల మొదటి ఏడాదంతా బిక్కుబిక్కుమంటూ గడపాలి. నమ్మకం కుదరకపోతే అబ్బాయిని మీతో డాక్టరు దగ్గరికి రమ్మనండి. అంటదని, నయమవుతుందని, పిల్లలు పుడతారని డాక్టరు నోటి నుంచే వింటాడు. అప్పుడు కూడా వద్దనుకుంటే అది పెళ్లికి ముందే తెలియడం మీ అమ్మాయికి మేలు.

ఇంకొక ప్రశ్న మీరు అడగలేదు, అడగాల్సింది అదే. అమ్మాయి వల్ల మీకు వస్తుందా అని భయపడ్డారు. ఆమెకి ఎవరి నుంచి వచ్చిందని ఎవరూ ఆలోచించలేదు. ఎప్పుడో, ఎక్కడో ఊపిరితిత్తుల టీబీ ఉన్నవాళ్ల దగ్గర ఆమె ఎక్కువసేపు గాలి పీల్చింది. అది బస్సులో కావచ్చు, హాస్టల్ గదిలో కావచ్చు, ఇంట్లోనూ కావచ్చు. మీ ఇంట్లో రెండు వారాలకి మించి దగ్గుతున్నవాళ్లు, సాయంత్రాలు జ్వరం తగిలేవాళ్లు, ఊరికే సన్నబడుతున్నవాళ్లు ఉన్నారా చూడండి. చుట్ట కాల్చే తాతల దగ్గును ఎవరూ పట్టించుకోరు, వాళ్లని కూడా లెక్కలో వేసుకోండి. వాళ్ల తెమడ పీహెచ్‌సీలో ఇచ్చి పరీక్ష చేయించండి, డబ్బులు తీసుకోరు.

సోమవారం వెళ్లేటప్పుడు మొదటి సూది పరీక్ష కాగితం, సీబీనాట్ కాగితం ఉంటే అది, ఎక్స్‌రే, ఇప్పటిదాకా వాడిన మాత్రల ఖాళీ రేకులు, అన్నీ ఒక సంచిలో పెట్టుకోండి. ముందు రోజు రాత్రి దారంతో గడ్డ చుట్టుకొలత తీసి ఆ దారాన్ని కూడా తీసుకెళ్లండి, మళ్లీ నెలకి ఇంకో దారంతో పోల్చి చూడొచ్చు. ఆరు నెలలయ్యాక కూడా బఠాణీ గింజంత గట్టి బిళ్ల ఒకటి చేతికి తగులుతూ ఉండిపోవచ్చు. అది మిగిలిన మచ్చే, పెరగకుండా ఉంటే దానికి మళ్లీ మందు అక్కర్లేదు. ఆ సంగతి అమ్మాయికి ఇప్పుడే చెప్పి ఉంచండి.